తడి సంతకం

దేశం సొంతంగా కట్టుకున్న మొట్టమొదటి ఓడ అది, ఎన్ని సముద్రాలు తిరిగిందో! ఇప్పుడు సముద్రానికి మైలు దూరంలో, సిమెంటు దిమ్మెల మీద మ్యూజియంగా నిలబడింది. పాత కట్టుబాటు మాత్రం పోలేదు. తర్వాతి కాపలావాడు వచ్చి డ్యూటీ పుస్తకంలో సంతకం పెట్టేదాకా ముందువాడు దిగకూడదు. దిగితే ఉద్యోగం ఊడుతుంది.

ఆ రాత్రి కూడా తర్వాతివాడు రాలేదు. రెండ్రోజులుగా నిద్రలేని కాపలావాడు చీకట్లోకి అరిచాడు.

"ఎవడో ఒకడు వచ్చి సంతకం పెట్టండ్రా బాబూ, నడుం పడిపోతోంది!"

కునుకు తీసి లేచేసరికి పుస్తకంలో తడి సంతకం ఉంది. ఎవరిదో చూసే ఓపిక లేదు. నిచ్చెన దిగుతూ భార్యకి ఫోన్ చేశాడు.

"వచ్చేస్తున్నానే."

"సరేగానీ, ఆ అలల చప్పుడేంటండీ?"

కిందికి చూశాడు. సిమెంటు కనపడలేదు. పైన ఎవరో లంగరు గొలుసు లాగుతున్నారు.