నల్లపెట్ట పెంచిన నెమలిపిల్ల

అడవి అంచున గవరయ్య పెరట్లో ఒక నల్లపెట్ట ఉండేది. గవరయ్య పొదల్లో దొరికిన నెమలిగుడ్డు తెచ్చి, దాని గుడ్లలో కలిపి పొదిగించాడు. పుట్టిన నెమలిపిల్లను పెట్ట తన పిల్లలకంటే ఎక్కువ ముద్దు చేసింది.

నెమలి మెడకు నీలం రంగు తిరిగేసరికి ఒకరోజు ఫారెస్టు గార్డు వచ్చాడు. గవరయ్య గబగబా నెమలినీ పెట్టనూ ఒకే గంప కింద మూసేశాడు. పిల్ల బెదిరి అరవబోతే పెట్ట రెక్క కప్పి ఊరుకోబెట్టింది.

"నెమలిని పెంచుకోవడం నేరం గవరయ్యా! ప్రాణంలా చూసుకున్నా నేరమే," అని హెచ్చరించి, నెమలి కనబడక గార్డు వెళ్లిపోయాడు.

ఆ మాట గంపలో ఉన్న పెట్టకు గుచ్చుకుంది. పక్కన నెమలి తల ఎత్తే చోటు లేక మెడ వంచుకుని కూర్చుంది.

గంప తీయగానే పెట్ట నెమలిని పొడవడం మొదలుపెట్టింది.

"నీకేం పోయేకాలమే? కడుపున పుట్టినదానిలా పెంచి ఇప్పుడు పొడుస్తావా?" అని పెరట్లోని పుంజు కేకలేసింది. "చట్టాలు మనుషులకి. మనకెందుకు?"

"గంప మూసింది గవరయ్యే. లోపల రెక్క కప్పి దాచింది నేను కాదూ?" అంది పెట్ట.

పొడిచి పొడిచి గోడ దాకా తరిమింది. నెమలి గోడెక్కి, "అమ్మా, నేనేం చేశాను?" అని ఏడ్చింది. పెట్ట ఎగరలేక ఎగరలేక గోడ మీదికి ఎగిరి ఇంకో పోటు పొడిచింది. నెమలి రెక్కలు విప్పి అడవిలోకి ఎగిరిపోయింది.

"బెంగపడి తిరిగొస్తే?" అంది పుంజు.

"మళ్లీ పొడుస్తాను," అంది పెట్ట, అడవి వైపే చూస్తూ.