బొమ్మల్లో లేని మనిషి

"అన్నీ బాగానే ఉన్నాయి తాతగారూ, మరి మామ్మగారేరీ?"

పట్నంలో బొమ్మల ప్రదర్శన పెట్టే అమ్మాయి పన్నెండో అట్టను కూడా గోడకు ఆనించి, నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది. వచ్చీ రాగానే "ఎవరి దగ్గరా నేర్చుకోకుండా బొమ్మలేసే తాతగారు మీరేగా" అంటే ఠక్కున తలూపిన పెద్దాయన ఇప్పుడు భార్య వైపు చూశాడు.

బొమ్మల్లో పొలం పనంతా ఉంది. దుక్కి ఉంది, కోత ఉంది, కళ్లం ఉంది, బురదలో దిగబడిన బండీ ఉంది. ప్రతిదాంట్లోనూ ముందు పెద్దాయన వీపు, దానికి అవతల రెండు ఎద్దుల తోకలు. బనీను చిరుగు కూడా వదల్లేదు మరి!

"కుంటికోడి నాలుగు బొమ్మల్లో ఉంది. మామ్మగారు కోడిపాటి చెయ్యలేదా?"

"అలా గడ్డి పెట్టు తల్లీ," అంది పెద్దావిడ, మంచినీళ్ల చెంబు అందిస్తూ. "ఆయన దున్నుతుంటే నాగటి చాల్లో గింజలు జారుస్తూ నలభై ఏళ్లు వెనకాలే నడిచాను. ఒక్కదాంట్లో ఉంటే ఒట్టు!"

"నువ్వూరుకోవే," అన్నాడు పెద్దాయన, చెవులు ఎర్రబడగా.

"ఆవిడెందుకు ఊరుకోవాలి? హాల్లో మొదటి గోడ ఈ దుక్కి బొమ్మకే అనుకున్నాను. మామ్మగారు ఇందులోకి వస్తే సరే, లేదంటే ఆ గోడ ఇంకొకరికి ఇచ్చేస్తా. వెయ్యండి, ఇక్కడే కూర్చుంటా."

పెద్దాయన కుంచె తీసుకున్నాడు. ఎద్దుల్ని అదిలించే కర్రలా పట్టుకున్నాడు. రంగులో ముంచాడు, తీశాడు, మళ్లీ ముంచాడు. చెమట తుడుచుకోబోతే నుదురంతా పచ్చరంగయింది.

"కొత్తవాళ్లుంటే ఈయనకి చెయ్యాడదమ్మా. నువ్వలా అరుగు మీద కూర్చో," అంటూ పెద్దావిడ ఆ అమ్మాయిని బయటికి పంపి తలుపు చేరవేసింది.

లోపల ఓ కసురు, ఓ నవ్వు వినిపించాయి.

గంటకు తలుపు తెరుచుకుంది. బొమ్మలో కొత్త మనిషెవరూ లేరు. పెద్దాయన వీపు మీద మాత్రం ఓ నీడ వచ్చి పడింది. కాస్త వంగిన నడుము, గింజలతో బరువెక్కిన ఒడి.

"అబ్బ, వెనక నడిచే మనిషి నీడ!" అమ్మాయి పెద్దాయన చేతులు పట్టేసుకుంది. "మొదటి గోడ మీకే. ఇలా ఎలా తోచింది తాతగారూ?"

"నాకేం తెలుసమ్మా? నేనెప్పుడూ వెనక్కి తిరిగి చూడలేదు," అన్నాడు పెద్దాయన, నేలచూపులు చూస్తూ.

"వెనక్కి చూస్తే నాగటి చాలు వంకరపోతుందని భయం," అని నవ్వింది పెద్దావిడ, చేతులు కొంగు చాటున దాచుకుంటూ.

నీడ రంగు ఇంకా ఆవిడ వేళ్లకే ఉంది.