పదకొండు లంకల జాబితా

2005 సెప్టెంబరు 20, మంగళవారం ఉదయం 7 గంటల 10 నిమిషాలకు, ధవళేశ్వరం దిగువన ఒక రేవు దగ్గరి వరద హెచ్చరికల గదిలో కంప్యూటర్ తెర ఆగిపోయింది.

అప్పటికి గోదావరి మట్టం పదమూడు అడుగులు.

ఏ మట్టానికి నది మధ్యలోని ఏ లంక మునుగుతుందో చెప్పే జాబితా హైదరాబాదు సర్వర్‌లో ఉంది. లైను తెగింది. ఫోనూ కలవడం లేదు.

లంకలు పదకొండు. రేవులో పడవలు ఆరు.

ఆ పద్ధతి పెట్టిన ఇంజనీరు సుధాకర్ మూడోసారి నంబరు నొక్కబోయాడు. మధ్యలోనే ఆపేశాడు.

"జాబితా ఉన్న పాత కంప్యూటర్లు ఎక్కడున్నాయండీ?" అని గుమస్తా లోవరాజుని అడిగాడు.

"జూన్‌లో మీరే లారీ ఎక్కించేశారు కదండీ."

జూన్‌లో కొత్త పద్ధతి చూపించిన రోజు, ఎవరూ పిలవని పెద్దాయన ఒకరు వెనక బెంచీలోంచి లేచారు.

"తొంభైలో రాజమండ్రిలో ఒకటే పెద్ద మిషను ఉండేదండి. లైన్లు తెగుతున్నాయని ఆఫీసుకో కంప్యూటర్ ఇచ్చారు. మళ్లీ ఒకచోటికే తెచ్చారేంటండీ?"

"అది వేరండి. ఇది ఇంటర్నెట్. మనం ముందుకెళ్తున్నాం," అన్నాడు సుధాకర్.

"వెళ్లండి. అప్పుడు తగిలిన దెబ్బ మర్చిపోకుండా వెళ్లండి. కాగితం మీద ఒక కాపీ ఇక్కడ ఉంచండి."

"బాబాయిగారికి కార్బన్ పేపరు మీద మోజు తీరలేదండి."

అందరూ నవ్వారు. పెద్దాయన వెళ్లిపోయారు.

7 గంటల 25 నిమిషాలకు సుధాకర్ వానలో రేవుకి పరుగెత్తాడు. పడవల్ని ఏదో ఒక లంకకి పంపేయాలి. తప్పు లంకకి పంపితే ముందు మునిగే లంకలో జనం మిగలరు.

రేవులో పడవలు లేవు. పడవలు నడిపే ముసలి సరంగు అబ్బులు ఒక్కడే ఉన్నాడు.

"పడవలేవి?"

"రేవు స్కేలు మీద నీళ్లు పదమూడు దాటగానే వెళ్లిపోయాయండి. ముందు బొండులంక, ఆనక చినరేవులంక."

"ఎవరు చెప్పారు?"

అబ్బులు ప్లాస్టిక్ కవరులోంచి కాగితం తీశాడు. పదకొండు లంకలు, పదకొండు మట్టాలు.

"జూన్‌లో ఓ పెద్దాయన సరంగు సరంగుకీ ఒకటిచ్చారండి. నాకు చదువు రాదంటే కూర్చోబెట్టి బట్టీ పట్టించారు. అప్పజెప్పేదాకా టీ కూడా తాగనివ్వలేదండి."

మధ్యాహ్నం 12 గంటల 40 నిమిషాలకు ఆఖరి పడవ వచ్చింది. పదకొండు లంకల వాళ్లూ గట్టెక్కారు.

కాగితం అడుగున అప్పాజీ అన్న పేరు, రాజమండ్రి నంబరు ఉన్నాయి. సాయంత్రం లైను కలిశాక సుధాకర్ ఫోన్ చేశాడు. ఆయన కూతురు లావణ్య ఎత్తింది.

"నాన్నగారు ఆగస్టులో పోయారండి."

"ఆయనకి ఈ మట్టాలన్నీ ఎలా తెలుసండీ?"

"తొంభైలో లంకలన్నిటి మట్టాలూ కలిపి రాజమండ్రిలో ఒక్క మిషను పెట్టింది నాన్నగారేనండి, లైను తెగిన ఏడాది వరదకి అమ్మ బొండులంకలో ఉంది, కబురు అందలేదు."