రాతిలో పేరు

"ఆ రాయి ఇక మాకొద్దండీ. ముసలాయన లేచి కూర్చుని కాఫీ అడుగుతున్నాడు" అని చెప్పి, ఆర్డరిచ్చినవాళ్లు ఫోన్ పెట్టేశారు.

సమాధిరాళ్లు చెక్కే మామగారు ఉలి పక్కన పెట్టి, ఉయ్యాల్లోని మనవడి వంక చూశారు.

"వీడి పేరు కోసం ఇంకా వెతుకులాట దేనికమ్మా? ఇదిగో, ఇంటిపేరుతో సహా సిద్ధంగా ఉంది. ఇంత లోతుగా చెక్కాక చెరపడం నా వల్ల కాదు."

కోడలికి ఒళ్లు మండిపోయింది. "సమాధి మీది పేరు నా బిడ్డకా? పైగా ఆ ఇంటిపేరు మనది కాదు!"

"మనదంటే ఏది? నాదా, నీ మొగుడిదా?"

తండ్రీకొడుకుల ఇంటిపేర్లు వేరని పెళ్లిలోనే అందరూ గుసగుసలాడారు. పెంపుడు కొడుకేమో అనుకుని కోడలు ఏనాడూ అడగలేదు.

మామగారు లేచి, అంతసేపూ తను కూర్చున్న బండను తిరగేశారు. అడుగున ఆయన పేరుంది, ఇంటిపేరుతో సహా.

"మా నాన్న చెక్కాడు. ఎవరి కోసం చెక్కాడో ఆ పెద్దమనిషీ బతికేశాడు. చావును తిప్పి పంపిన పేర్లమ్మా మనవి."

"మరి... మీ అబ్బాయిది?"

ఆయన ఇబ్బందిగా వాకిట్లోని మెట్టు వైపు చూశారు.

కాపురానికొచ్చినప్పటి నుంచీ ఆమె రోజూ తొక్కుతున్న మెట్టు.