ఇరవై తొమ్మిది అంగుళాలు

చౌక టీవీ విలువ తేల్చడానికి అంగుళాలూ గ్యారంటీ కార్డూ చాలంటారు. మరి, చూసే కళ్లకు గ్యారంటీ ఎవరిచ్చారు?

ఓబులేసు బెంగళూరు పీణ్యలో ఒక ఫ్యాక్టరీలో వెల్డింగు పని చేస్తాడు. నల్లద్దాలు కొనివ్వని యజమాని ఆయుధపూజకు మాత్రం మిఠాయి డబ్బా పంచుతాడు. పని దిగి వచ్చాక కళ్లు మండితే, భార్య నాగరత్న ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, బిళ్లలు కోసి పెట్టి గుడ్డ కడుతుంది. పదిహేనేళ్లుగా ఇదే వైద్యం!

నాలుగు నెలలుగా అతను ఇంట్లో టీవీని తిడుతున్నాడు. "ఈ అగ్గిపెట్టెలో ఎవరి మొగం ఎవరిదో తెలీదే!" ఆ తిట్లు పడలేక ఆమె పాత టీవీ ఇచ్చి కొత్తది తీసుకునే ఎక్స్‌చేంజ్ మేళాకు అతన్ని లాక్కొచ్చింది.

షాపులో టీవీలు క్రికెట్టుతో హోరెత్తుతున్నాయి. అన్నిటికన్నా చవకైన ఇరవై తొమ్మిది అంగుళాల టీవీ ముందు ఇద్దరూ ఆగారు.

"ఎట్లుండాదయ్యా బొమ్మ?"

"అద్దం మాదిరి ఉండాది. రంగులు సూపరు! ఇన్నాళ్లూ ఆ డబ్బాతో ఏం బతుకు బతికినామే!"

నాగరత్న తెర వైపు చూసింది. నల్లటి గాజులో వాళ్లిద్దరి నీడలే ఉన్నాయి.

"దీనికింకా ప్లగ్గే పెట్టలేదు కదయ్యా," అంది. ముక్కు ఎగబీల్చింది.

అతను తడుముకుంటూ ఆమె చెయ్యి పట్టుకుని, చెవి దగ్గరకు వంగాడు.

"ఏడవొద్దే. చేతి అలవాటు మీద పని నెట్టుకొస్తుండా. ఫ్యాక్టరీలో తెలిస్తే గేటు లోపలికి రానియ్యరు. ఎవరడిగినా, మా టీవీ చిన్నదనే చెప్పు."