అమ్మ వేషం

"ఆ చీర కింద పెట్టు. పెట్టమంటా ఉండానా లేదా?"

లక్ష్మీదేవమ్మ వాకిట్లో అడ్డంగా నిలబడింది. కూతురు ప్రేమ అమ్మ పాత చీరను చంకలో ఇరికించుకుని, ఇంకో చేత్తో పాల క్యాను పట్టుకుని, సందు దొరికితే ఉరుకుదామని చూస్తా ఉంది.

"సాయంత్రం నాటకం ఉండాదమ్మా! ఇవి కావాల నాకు."

"ఏం వేషమే నీది?"

"నీదే!" పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది ప్రేమ. "నీ మాదిరే కొంగు దోపుకుని, నీ మాదిరే క్యాను ఎత్తుకుని పాల డైరీకి పోతాను. నాటకం పేరు 'పాలూ నీళ్లూ'."

లక్ష్మీదేవమ్మ వాకిలికి అడ్డంగా చెయ్యి చాపింది.

"ఆ కథ ఎవురు చెప్పినారే మీ సారుకు?"

"మేమే. ఇంట్లో కళ్లారా చూసింది, యాడా చెప్పంది ఒకటి వచ్చి చెవిలో చెప్పమన్నాడు. అవన్నీ కలిపి నాటకం కట్టినాడు. ఇంగ ఏమీ అడగద్దు, నాటకం అయ్యేదాకా చెప్పకూడదని ఒట్టేయించుకున్నాడు సారు."

ఫట్‌మని పడింది చెంప మీద. పడినాక గానీ తాను కొట్టినట్టు లక్ష్మీదేవమ్మకే తెలీలేదు. పిల్ల ఏడవను కూడా లేదు. ఎందుకు కొట్టినావన్నట్టు అమ్మ మొహంలోకి బిత్తరగా చూసి, ఆమె చెయ్యి కింద నుంచి దూరి, చీరా క్యానూ తీసుకుని బడి వైపు పరుగో పరుగు.

లక్ష్మీదేవమ్మ అరుగు మీద కూలబడింది. ఆ సుధీంద్ర సారును తిట్టుకుందామనుకుంది, నోరు రాలేదు. కేజీఎఫ్‌లో గనులు మూతపడినాక అక్కడి పిల్లలతో నాటకాలు ఆడించే ఆ మనిషి, ఈ ఎండాకాలం బూదికోట పక్క ఊర్లకు వచ్చినాడు. ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పంపమని అడిగితే, "తీసకపో నాయనా, ఎండన పడి తిరక్కుండా ఉంటాది" అని అందరికన్నా ముందు పంపింది ఈ మహాతల్లే.

తప్పు సారుది కాదు. ఈ ఎండలకు పచ్చిమేత లేక ఆవు పాలు తగ్గించేసింది. తగ్గిన పాలు డైరీలో పొయ్యడానికి మనసొప్పక, ఒక చెంబు నీళ్లు. తర్వాత ఇంకో చెంబు. అట్లా ఒక పొద్దున పోస్తా ఉంటే ప్రేమ కళ్లు నులుముకుంటా వచ్చి, "ఏంటికమ్మా నీళ్లు?" అనింది. "క్యాను కడగతా ఉండానులే, పోయి పండుకో" అనింది తాను. పిల్ల పోయి పండుకునింది. నమ్మిందిలే అనుకునింది. ఏం నమ్ముతాది? ఇప్పటి పిల్లలు!

సాయంత్రం డైరీ సెక్రెటరీ ఓబలప్ప ముందు వరసలోనే కూర్చుంటాడు. రేపటి నుంచి తన పాలు పట్టకపోతే ఇల్లెట్లా జరుగుతాది? అదొక్కటే అయితే ఏదో ఒకటి బతిమాలుకోవచ్చు. పోయిన ఏడాది మారమ్మ పాలల్లో నీళ్లున్నాయని ఓబలప్ప వాపసు పంపితే, క్యూలో నిలబడి అందరికన్నా గట్టిగా "థూ, కడుపుకు అన్నం తినేవాళ్లు చేసే పనేనా?" అనింది తానే. ఆ మాట ఇప్పుడు మారమ్మ తిప్పి అనదా? తలుచుకుంటేనే చెవులు కాలిపోయినాయి లక్ష్మీదేవమ్మకు.

లేచింది. కొంగు తల మీదికి లాక్కుని, ఎవరూ పలకరించకుండా చూసుకుంటా బడికి పోయింది.

బడి వరండాలో సుధీంద్ర సారు కిటికీ ఊచలకు తాడు కట్టి, దాని మీద ఒక దుప్పటి పరస్తా ఉన్నాడు. అదే తెర. తెర వెనక పిల్లల గోల.

"రాండమ్మా, సాయంత్రం కదా నాటకం, ఇప్పుడే వచ్చేసినారే?"

"ఆ నాటకం వద్దు సారూ."

"ఏంటికమ్మా?"

"వేరే ఏదన్నా ఆడించు. రాజుది ఆడించు, దయ్యానిది ఆడించు. ఇది మాత్రం వద్దు."

"పిల్లలు ఇన్ని దినాల నుంచి నేర్చుకున్నారు. ఇప్పుడు వద్దంటే ఎట్లమ్మా? కారణం చెప్పండి."

లక్ష్మీదేవమ్మ నేల చూసింది. గోడ చూసింది. చెప్పక తప్పేలా లేదు.

"అది మా ఇంటి కథ సారూ. నీళ్లు కలిపింది నేనే. మా ప్రేమ చూసింది, వచ్చి నీకు చెప్పేసింది. ఓబలప్ప ముందర, ఊరంతటి ముందర, నా కడుపున పుట్టిన బిడ్డే నన్ను చూపిస్తే నేను తల యాడ పెట్టుకోవాల? సిగ్గుతో చచ్చిపోతాను సారూ. ఇంగెప్పుడూ కలపను. నీ కాళ్లు పట్టుకుంటా."

నిజంగానే వంగింది. సారు గబుక్కున వెనక్కి జరిగినాడు.

తెర వెనక గోల ఆగిపోయింది. దుప్పటి కింద పిల్లల పాదాలు కనిపిస్తా ఉన్నాయి. వాటిల్లో ఒక జత పాదాల మీద తన చీర కుచ్చిళ్లు.

సారు ఒకసారి ఆ పక్క చూసి, దగ్గరకొచ్చి గొంతు తగ్గించినాడు.

"ఈ కథ నాకు చెప్పింది మీ ప్రేమ కాదమ్మా."

"మరెవురు?"

"మిగతా పిల్లలంతా. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, వాళ్లవాళ్ల ఇంట్లో చూసినామని నా చెవిలో చెప్పింది ఇదే. ఓబలప్ప గారి మనవరాలు కూడా."

లక్ష్మీదేవమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వొచ్చినంత పనయింది.

"అయితే నా బిడ్డ నన్ను బయట పెట్టలేదా సారూ? మరి నా వేషం కడతానని ఎగిరింది ఏంటికి?"

సారు ఆమె మొహం చూడలేక తాడు ముడి సవరించుకుంటా అన్నాడు.

"మా అమ్మ అట్లా చెయ్యదని వాళ్లందరితో కొట్లాడి, నాటకంలో నీళ్లు కలపని అమ్మ వేషం అడిగి మరీ తీసుకునిందమ్మా."