ఎదురెదురు గడులు

“మళ్లీ జారిపోయింది ఆంటీ,” అంది మైత్రి.

ట్రాయ్ తెలుగు సంఘం ఉగాది సంచికకు పేజీలు కడుతున్న విద్య లాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకుంది. పన్నెండేళ్ల మైత్రి తెచ్చిన పేజీలో ఎడమ పక్క తెలుగు, కుడి పక్క ఇంగ్లీషు. నడుమ ఖాళీ అంతా స్పేస్‌బార్ కొట్టి పెట్టింది. ఒక్క మాట చేరిస్తే చాలు, కింది వరుసలన్నీ చెదిరిపోతున్నాయి.

“ఒకదాని కింద ఒకటి వేసేద్దామా? ఐదింటికి అచ్చుకి పంపాలి,” అంది విద్య.

“వద్దమ్మా,” అంది మైత్రి అమ్మమ్మ బాలమణి. ఆరు నెలలు ఈ పరాయి దేశంలో ఉండి, రేపు సొంతూరికి విమానమెక్కుతోంది ఆవిడ. ఒళ్లో అట్ట ఊడిన ఇంగ్లీషు నిఘంటువు. “ఒకరి మాటకి ఎదురుగా ఒకరి మాట ఉండాలి. లేకపోతే అది మా ఇద్దరి కథ కాదు.”

“అయితే టేబుల్ పెడదాం.”

విద్య రెండు నిలువు వరుసల గడులు గీసి, ఒక్కో మాటనూ చదువుతూ దాని గడిలో పెట్టసాగింది. గడ్డకట్టిన సరస్సు మీద ఆ ఇద్దరూ నడిచిన సంగతి అది.

ఎడమ గడిలో తెలుగు: ‘నా కాళ్లు వణికాయి. కింద నీళ్లు ఉన్నాయి. మునిగిపోతే?’

కుడి గడిలో ఇంగ్లీషున: ‘చెయ్యి ఇలా ఇవ్వు. ఆయన చూడు, మంచు మీద కుర్చీ వేసుకుని మరీ చేపలు పడుతున్నాడు.’

ఎడమ: ‘నేను కళ్లు మూసుకున్నాను.’

కుడి: ‘నేను ముందు నడిచాను.’

విద్య మైత్రి బక్క చేతుల వంక చూసింది. ఇంత పిల్లకి అంత గుండె ఎక్కడిదో. బాలమణి చూపు ఇంగ్లీషు గడులను వదలడం లేదు. అర్థం కాకపోయినా మనవరాలి రాత గదా, మురిసిపోతోంది కాబోలు అనుకుంది విద్య.

“ఇప్పుడు చూడండి బామ్మగారూ.”

గీతలు తీసేసింది. గడులు మాయమయ్యాయి. మాటలు మాత్రం ఎక్కడివక్కడే, ఎదురెదురుగా నిలబడ్డాయి. మైత్రి కావాలనే ఎడమ పక్క ఒక వాక్యం చేర్చింది. కింది మాటలు రెండు పక్కలా చేతులు పట్టుకున్నట్టు కలిసే దిగాయి.

“గోడ కనపడదు, అయినా ఎవరి చోటు వాళ్లది,” అంది బాలమణి మెల్లగా.

ఐదింటికి ఇంకా పది నిమిషాలున్నాయి. విద్య ఎడమ వరుస పైన ‘బాలమణి’ అనీ, కుడి వరుస పైన ‘మైత్రి’ అనీ టైప్ చేసింది.

“పంపేయనా?”

“వెయిట్ ఆంటీ. నేమ్స్ రివర్స్ చేయాలి. తెలుగు నాది,” అంది మైత్రి నవ్వాపుకుంటూ.

బాలమణి నిఘంటువు మూసి పక్కన పెట్టింది.

“ముందు నడిచింది నేనమ్మా.”